కౌంటరు వద్ద జాప్యం: లోపం ఎక్కడ వెదకవలెను?

(భిలాయిలో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉక్కు నగరంలో జాప్యమును గురించి మాట్లాడుటకు పెద్ద ఉపోద్ఘాతం అక్కరలేదు. 1959లో ఇచ్చట మొదటి బ్లాస్టు ఫర్నేసు ప్రారంభమైనది. దానికి కావలసిన దల్లీ రాజహరా ఖనిజమును మోసినది రైలు. చరోదా మార్షలింగ్ యార్డులో ఒక లైను మూసుకొనిపోయినచో వెనుక వచ్చు బండ్లు నిలిచిపోవును. అప్పుడు ఇంజను శక్తిని పెంచినందువలన ప్రయోజనం లేదని యార్డు సిబ్బందికి తెలియును.

కంప్యూటరు కౌంటరు వద్ద మాత్రం ఈ సత్యమును మరచుచున్నాము. రైల్వే రిజర్వేషన్ల కంప్యూటరీకరణ 1985లో ఢిల్లీలో ఆరంభమైనది. తపాలా శాఖ 2025లో తన నూతన కౌంటరు విధానమును దేశమంతట ప్రవేశపెట్టినది. తెర కదలనప్పుడు ప్రజలు కోపించేది గుమాస్తాపైననే. సంజాయిషీ అడిగేదీ అతనినే. కావున లోపం ఎక్కడ పుట్టునో మనం తెలిసికొనవలసియున్నది.

పెద్ద వ్యవస్థలలో సమాచారమంతయు ఒకే యంత్రంలో ఉండదు. నెట్‌వర్కుతో కలిపిన అనేక స్టోరేజి సర్వర్లు ఒక సముదాయంగా పనిచేయును. దీనినే క్లస్టరు అందురు. భద్రత కొరకు ఒకే వివరమును తరచుగా మూడు చోట్ల వ్రాయుదురు. మూడు ప్రతులూ చేరిన పిదపనే పని పూర్తియైనదని తెలుపు పద్ధతిలో, రెండు డిస్కులు 5 మిల్లీసెకన్లలో వ్రాసినను, మూడవది 500 తీసికొన్నచో, మన నిరీక్షణ 500 మిల్లీసెకన్లే.

సగటు లెక్క ఈ లోపమును కప్పిపుచ్చును. ఒక పనికి 100 సర్వర్లను అడుగవలసి ఉన్నదనుకొందము. ఒక్కొక్కటి నూటికి ఒక్కసారి మాత్రమే ఆలస్యం చేసినను, అట్టి నూరు పనులలో సుమారు 63 ఆలస్యమగును! సగటు మాత్రమే చూపి "అంతా సవ్యమే" అను నివేదికను నమ్మరాదు.

మరి రోగనిర్ణయం ఎట్లు? ముందు కాలమును కొలవవలెను. కౌంటరు యంత్రం, లైను, సర్వరు, డిస్కు: ప్రతి మజిలీలో ఎంతసేపు పట్టినదో విడివిడిగా వ్రాయవలెను. తరచుగా నాలుగు కారణములు బయటపడును. మొదటిది, పూర్తిగా చెడిపోక మందగించిన డిస్కు; చచ్చిన డిస్కును వ్యవస్థ తానే వదలివేయును గాని, మందగించినదానిని మోయుచునే ఉండును. రెండవది, పాకెట్లను జారవిడుచు కేబులు లేక స్విచ్చి. మూడవది, ఒకే సర్వరుపై పడిన భారం. నాల్గవది, చెడిన డిస్కు స్థానంలో ప్రతులను తిరిగి నిర్మించు పని రద్దీ వేళలోనే సాగుట.

చికిత్సయు దీనిని బట్టియే. మందగించిన డిస్కును తొలగించవలెను. చెడిన కేబులును మార్చవలెను. భారమును సర్వర్లన్నిటికి పంచవలెను. పునర్నిర్మాణ వేగమును రద్దీ వేళ తగ్గించవలెను. అయితే ఆ వేగమును మరీ తగ్గించినచో, ఈలోగా మరొక డిస్కు చెడి సమాచారమే పోవు ప్రమాదం ఉన్నది. ఒకసారి ఒక మార్పు మాత్రమే చేసి, మరల కొలవవలెను. నాలుగు మార్పులు ఒక్కమారు చేసినచో, ఏది ఫలించినదో ఎవరికిని తెలియదు. కారణం తెలియక కొత్త సర్వర్లు కొనుట, మూసుకొనిన లైనుకు ఇంజను కొనుట వంటిది.

మిత్రులారా! మన కోరికలు మూడు. జాప్యం కలిగిన వేళను, పనిని కౌంటరు వద్ద రిజిస్టరులో నమోదు చేయనిండు. ఆ వేళకు సంబంధించిన మజిలీల వారీ కొలతలను సిబ్బంది ప్రతినిధులకు చూపుడు. ఆ కొలతలు చూడకుండ ఏ గుమాస్తాపైనను చర్య తీసికొనరాదు.

రిజిస్టరు వ్రాయుట మాత్రం మన చేతిలోని పని. "నిన్న చాలా నెమ్మదిగా ఉన్నది" అను ఫిర్యాదును త్రోసిపుచ్చుట సులభం. "11 గంటల 10 నిమిషములకు ఈ పనికి 40 సెకన్లు పట్టినది" అను మాటకు జవాబు చెప్పక తప్పదు. రేపటి నుండియే ఆ పని ప్రారంభింతము. సెలవు.