పాత ప్రింటరుకు క్రొత్త కొలువు

గత వేసవిలో పింఛను కాగితములకు నకళ్లు తీయించుకొనుటకై నేను మా మండల కేంద్రములోని యొక నెట్టు సెంటరుకు పోయితిని. దుకాణదారుడు మంచివాడే. నేను లోగడ ఇచ్చిన కాగితమును వెదకుచు, అతడు కంప్యూటరు తెరమీద నొక ఫోల్డరు తెరచెను. అందు నా ఆధారు కార్డునకు పైన మా యూరివారి పట్టాదారు పాసుపుస్తకము, ఎవరో యిల్లాలి బ్యాంకు పుస్తకపు మొదటి పుట, ఒక పిల్లవాని కులధ్రువీకరణ పత్రము వరుసగా కనబడినవి. అవి యెన్ని నెలలనుండి యచ్చట నున్నవో అతనికే తెలియదు. తుడిచివేయుటకు తీరిక చిక్కలేదని నవ్వెను. ఆ నవ్వులో కపటమేమియు లేదు గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా యింటి ముందుగదిలో ఈ పనులన్నియు చేయగల యంత్రమొకటి గుడ్డ కప్పుకొని మూడేండ్లుగా పడియున్నది గదా, నా కాగితములు పరుల పెట్టెలో నేల యుండవలెనని తోచినది.

శ్రోతలారా, నేటి నా ప్రసంగము ఆ మూలనున్న యంత్రమును గూర్చినది. దానిని బజారులో ఆల్-ఇన్-వన్ ప్రింటరందురు. కంప్యూటరులోని వ్రాతను కాగితముమీద అచ్చువేయును. అద్దముమీద పరచిన కాగితమును బొమ్మగా పట్టి కంప్యూటరునకు పంపును, దీనిని స్కానందుము. కంప్యూటరుతో నిమిత్తము లేకయే జిరాక్సు తీయును. మేము దానిని 2011లో కొంటిమి. అప్పుడు ఇంటికంతకు కంప్యూటరొక్కటే. ఆ రెంటిని గలుపు యు.ఎస్.బి. తీగ యొక్కటే. నేడు కొడుకునకు ల్యాప్‌టాపు, మనుమరాలికి ల్యాప్‌టాపు, కోడలికిని నాకును ఫోనులు. ఇవియన్నియు వైఫై మీద మాటాడుకొనునవి. మా యంత్రమునకు వైఫై యననేమో తెలియదు. తీగను పొడిగింతమన్న, ఆ జాతి తీగ యైదు మీటరులు దాటరాదు. గుంజకు గట్టిన యావునకు పలుపెంత పొడవో మేత యంతమేరకే.

పట్టణమునుండి వచ్చిన మెకానిక్కు దానిని చూచి, "దీనికి కాలము చెల్లినదండి, క్రొత్తది కొనుక్కోండి" అనెను. ఏ భాగము చెడినదని యడిగితిని. అతడు చూపలేకపోయెను. అతని యెదుటనే యది చక్కగా నొక జిరాక్సు తీసి యిచ్చెను. అతడు తలయాడించి పోయినాడు. సెలవులకు వచ్చిన మా మనుమరాలు మాత్రము ఆ సాయంకాలము దానిమీది గుడ్డ తీసి, "తాతయ్యా, ఇది చావలేదు. దీని మాట తెలిసినవాళ్లు ఇంట్లో లేరు, అంతే" అన్నది.

ఆ మాటలో విషయమంతయు నున్నది. కుంఫిణీవారి కాలమున దొరకును వర్తకునకును నడుమ దుబాసి యుండెడివాడు. కంప్యూటరునకును ప్రింటరునకును నడుమ నటువంటి దుబాసియే డ్రైవరను ప్రోగ్రాము. పాతకాలపు యంత్రములలో జాతి జాతికి వేరు దుబాసి కావలెను. యంత్రమును చేసినవారు ఆనాటి విండోసునకు తగినట్లు దానిని వ్రాసి యిత్తురు. విండోసు మారును, అమ్ముడైపోయిన యంత్రమునకు మరల వ్రాయుటకు వారికి లాభము లేదు. విండోసు 10నకే మైక్రోసాఫ్టువారి పోషణ 2025 అక్టోబరుతో ముగిసినది. అంతకుముందే 2023లో, ఇకమీద ప్రింటరులన్నియు నొక సామాన్య భాషలో మాటాడవలెననియు, తయారీదారుల వేర్వేరు డ్రైవరులకు తమ పోషణను క్రమముగా ముగింతుమనియు వారు ప్రకటించిరి. క్రొత్త యంత్రములకిది మేలే. ఆ భాష నేర్వని పాత యంత్రములకు మాత్రము దిక్కు లేకుండపోవుచున్నది. ఇనుము చెడలేదు, రోలరు అరగలేదు, దుబాసి కనుమరుగైనాడు.

ఇంటిలోని ప్రతి కంప్యూటరునకు ఆ పాత భాష నేర్పనక్కరలేదు. దుబాసి తెలిసిన కంప్యూటరొకటి యంత్రము ప్రక్కన కూర్చుండిన చాలును. తక్కినవి తమ కాగితములను సామాన్య భాషలో దానికి ఒప్పగించును. అది తర్జుమా చేసి యంత్రమునకు అందించును. ఇంటిలోపలి నెట్టువర్కుమీద ప్రింటరును పంచుకొనుట యన నింతకన్న వేరు లేదు.

ఇందు మొదటి మార్గము, తీగ తగిలియున్న పాత విండోసు కంప్యూటరులోనే పంపకమునకు అనుమతి నిచ్చుట. మేము 2019లో నట్లే చేసితిమి. ముందుగదిలోని కంప్యూటరు మేలుకొనియున్నంతసేపు పని జరిగెడిది. అది నిద్రించినచో ఇంటిలో నెవరికిని అచ్చు లేదు. 2021 నడిమి నెలలలో విండోసు ముద్రణ విభాగమున ప్రింట్‌నైట్‌మేర్ అను లోపము బయటపడెను. దానిగుండా పరులు కంప్యూటరులోనికి చొరబడగలరు. దానిని మూయుటకు ఆ యేడు వచ్చిన సవరణలతో పెక్కు చోట్ల పంచుకొన్న ప్రింటరులు మొరాయించినవి. మాదియు మొరాయించినది. ఆ సవరణలను ఊడదీసిన సరిపోవునని సలహా యిచ్చినవారు గలరు. దొంగ భయమున బిగించిన గడియను, చుట్టము రాలేకపోయెనని విరుగగొట్టుట నాకు సమ్మతము గాదు. మరి రెండేండ్లకు ఆ కంప్యూటరే పాడైపోయెను, యంత్రము గుడ్డక్రిందికి చేరెను.

రెండవ మార్గము మా మనుమరాలు చూపినది. రాస్ప్‌బెర్రీ పై యను నొక చిన్న కంప్యూటరు గలదు. బ్రిటనులో 2012లో పుట్టినది, అరచేతిలో నిముడును. పగలును రాత్రియు వెలుగుచున్నను దానికగు విద్యుత్తు ఒక చిన్న ఎల్.ఇ.డి. దీపమునకగునంత. ఇంట పాత ల్యాప్‌టాపు పడియున్న నదియైనను చాలును. దానిలో లినక్సును, కప్స్ అను ముద్రణ ప్రోగ్రామును ఎక్కింపవలెను. కప్స్‌ను మైకేల్ స్వీట్ అనునతడు వ్రాయగా 1999లో లోకమునకు వచ్చినది. ఆపిల్ సంస్థవారు తమ కంప్యూటరులకు దానినే వాడిరి. పాత యంత్రముల దుబాసులు పెక్కురు అందు కొలువున్నారు. 2010లో ఆపిల్ వారు వెలువరించిన ఎయిర్‌ప్రింటు పద్ధతి గూడ దానికి వశమగును గనుక, ఫోనులకు మా ముసలి యంత్రము క్రొత్తదానివలెనే కనబడును.

ఇన్ని దుబాసి ప్రోగ్రాములను ఊరకే వ్రాసి యిచ్చిన పుణ్యాత్ములెవరని మీరడుగవచ్చును. వారి కథయు నొక ప్రింటరుతోనే ముడిపడియున్నది. 1980 ప్రాంతమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పనివారందరు పంచుకొను లేజరు ప్రింటరొకటి యుండెను. అందు కాగితము తరచు ఇరుకుకొనెడిది. ఎవరి కాగితమో వెలువడెననుకొని వారు పోయి చూడగా, యంత్రము ఎప్పుడో ఆగియుండెడిది. అంతకుముందున్న ప్రింటరు విషయమున రిచర్డ్ స్టాల్‌మన్ అను నుద్యోగి, కాగితమిరికిన వెంటనే కాచుకొనియున్నవారి తెరలపై ఆ సంగతి కనబడునట్లు ప్రోగ్రామును సవరించెను. క్రొత్తదానికి నట్లే చేయబోగా దాని ప్రోగ్రాము మూలప్రతి వారికీయబడలేదు. వేరొక విశ్వవిద్యాలయములో అది గలవానిని పోయి యడుగగా, ఎవరికిని ఇయ్యనని మాటయిచ్చితినని యతడు నిరాకరించెను. ఆ నిరాకరణము స్టాల్‌మన్ మనసున నాటుకొన్నది. 1983లో అతడు, ఎవరైనను చదివి సవరించుకొనదగిన ప్రోగ్రాములను వ్రాయు గొప్ప యత్నమును ప్రకటించెను. 1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ మొదలిడిన లినక్సు దానికి తోడైనది. మూలప్రతి బాహాటముగా నున్న దుబాసిని ఒక కంపెనీ విడిచిపెట్టినను మరియొకరు చేరదీయుదురు. మా యంత్రము నేడు పలుకుచున్నదనిన, మాకు ముఖపరిచయము లేని యెవరో దాని భాషను నేర్చి వ్రాసిపెట్టినందుననే.

అచ్చు ఒక సాయంకాలములో కుదిరినది. స్కాను మమ్ము మూడు దినములు ఏడిపించినది. దానికి కారణము గలదు. అచ్చువేయుట ఉత్తరమును తపాలా పెట్టెలో వేయుటవంటిది. వేసి మన దారిని పోవచ్చును. స్కానన్ననో, యంత్రమును పిలిచి, అద్దముక్రింద దీపమును నడిపించి, అది చూచినదానిని పంక్తి పంక్తిగా వెనుకకు తెచ్చుకొనవలెను. రెండును నొకే పెట్టెలో నున్నను రెండు దారులు. విండోసులో ప్రింటరును పంచినప్పుడు పంచబడునది అచ్చు ఒక్కటే. రౌటరు వెనుక యు.ఎస్.బి. రంధ్రములో తీగను గ్రుచ్చిన చాలునని చెప్పుదురు. అందును తరచు అచ్చు వచ్చును, స్కాను రాదు. ఆల్-ఇన్-వన్ కొన్నవారు సగము యంత్రమునే పంచుకొని, మిగిలిన సగము పాడైనదనుకొనుట ఇందువలననే.

స్కానునకు లినక్సులో సేన్ అను వేరొక దుబాసుల కూటమి గలదు. దానికి ఎయిర్‌సేన్ అను ప్రోగ్రామును జతచేసిన, ఫోనులు గూడ స్కానరును పోల్చుకొనును. మనుమరాలు వంటయింటిలో నిలువబడి ఫోను నొక్కి, ముందుగదిలోని యంత్రముచేత స్కాను చేయించి చూపి మురిసిపోయినది. కాగితమును అద్దముమీద పెట్టుటకు ఎవరో యొకరు లేచి పోకతప్పదు గదా యని నేనంటిని. నా మటుకు నేను యంత్రముకడనే నిలిచి, అక్కడనే స్కాను చేసి, ఆ బొమ్మ ఇంటివారందరికి కనబడు ఫోల్డరులో పడునట్లు అమర్పించుకొన్నాను. ముసలివారికిదియే సుఖము.

చిన్న కంప్యూటరు కొనుటకు ముందే మీ యంత్రము పేరు ఓపెన్‌ప్రింటింగ్ వారి పట్టికలోను, సేన్ వారి పట్టికలోను గలదేమో పిల్లలచేత చూపించుడు. కొన్ని కంపెనీల దుబాసులు ఇంటెల్ జాతి కంప్యూటరులలోనే పనిచేయును. రాస్ప్‌బెర్రీ పై వేరు జాతిది గనుక అందు నోరు మెదపవు. అట్టివారికి పాత ల్యాప్‌టాపే గతి. ఇంకొక చిక్కు. రౌటరు ఇంటిలోని కంప్యూటరులకు చిరునామాల నిచ్చుచు, ఒక్కొకప్పుడు మార్చుచుండును. చిరునామా మారిన ఉత్తరము తిరిగివచ్చినట్లు, నిన్న వచ్చిన అచ్చు నేడు రాదు. ప్రింటరు ప్రక్కనున్నదానికి ఒకే చిరునామా శాశ్వతముగా నుండునట్లు రౌటరులో వ్రాయింపవలెను. ఊరినుండియు అచ్చు పంపవచ్చునని రౌటరు ద్వారమును బయటి లోకమునకు తెరపింపకుడు; వైఫై రహస్యపదమును వీధివారికందరికిని చెప్పకుడు.

మా యావిడ యడిగిన ప్రశ్న మాకెవరికిని తోచలేదు. "ఆ ఫోల్డరులోనివి ఎవరు తుడుస్తారు?" అన్నది. చూడగా పది దినములలోనే మా బ్యాంకు కాగితములు, పాసుపుస్తకము, మనుమరాలి మార్కుల పట్టిక అన్నియు నందు ప్రోగుపడియున్నవి. నేను నిందించిన దుకాణమే మా యింట వెలసినది! ఏడు దినములు దాటిన బొమ్మలను కంప్యూటరు తానే తుడిచివేయునట్లు మనుమరాలు ఏర్పాటు చేసినది.

పోయిన నెలలో నేను మరల ఆ నెట్టు సెంటరుకు పోయి, దుకాణదారుని ప్రక్కన కూర్చుండి, నావి యన్నియు వెదకించి తుడిపించితిని. పదునొకండు కాగితములు తేలినవి. తక్కినవారివిగూడ తీసివేయుమంటిని. అడుగకుండ తీసివేసిన, రేపు మరల స్కాను చేయవలసివచ్చెనని వారే పోట్లాడుదురని యతడనెను. ఆ తెరమీద నేను పోల్చుకొన్న మూడు కుటుంబములవారికి కబురు చెప్పితిని. ఇద్దరు పోయి తుడిపించుకొన్నారు. మూడవవారు ఇంకను పోలేదు.