కంప్యూటర్ తాళంచెవి కూడా అమానతే
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. ఫీజులు, పుస్తకాలు, స్కాలర్‌షిప్పుల గురించి ప్రతి ఏడూ చెప్పుకుంటూనే ఉన్నాం. ఈసారి ఆ చదువు అయ్యాక మన పిల్లలు చేసే పని గురించి నాలుగు మాటలు చెబుతాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు బెంగళూరు, హైదరాబాద్‌లలో ఉద్యోగాలు చేసే పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని ఊరికి వచ్చారు. సిగ్నల్ కోసం మిద్దె ఎక్కి పనిచేశారు. పని ఉన్న చోటికే మనిషి పోనవసరం లేదని అప్పుడు మన కళ్ళతో చూశాం. ఏటా ఇళ్ళకు తాళాలు వేసి గుంటూరు వైపు సుగ్గికి పోయే ప్రాంతం మనది. మనకు ఇది చిన్న సంగతి కాదు.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి బీకాం చేసి, ట్యాలీ నేర్చుకుంది. రోజూ ఆదోనికి బస్సులో పోయి రావడానికి ఇంట్లో ఒప్పుకోలేదు. ఆదోనిలో ఒక దుకాణం యజమాని ఇంటి నుంచే లెక్కలు రాయమన్నాడు. దుకాణంలోని కంప్యూటర్‌ను హొళగుంద నుంచే నడిపేలా ఒక యాప్ పెట్టారు. ఏడాది బాగా సాగింది.

అయితే ఆ కంప్యూటర్‌కు ఒకటే పాస్‌వర్డ్. యజమానికి, ఆయన కొడుక్కి, గుమాస్తాకు, ఆడిటర్ పంపే కుర్రాడికి, ఈ అమ్మాయికి, అందరికీ అదే. చీటీ మీద రాసి మానిటర్‌కు అంటించి పెట్టారు కూడా. ఒక రోజు బాకీల ఖాతాలో రెండు ఎంట్రీలు కనిపించలేదు. దుకాణంలో ఎదురుగా కూర్చున్నవాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. ఎదుట లేని మనిషి మీదికే అనుమానం పోయింది.

ఆ పిల్ల తండ్రి మా ఇంటికి వచ్చి, "సార్, డబ్బు పోతే కష్టపడి తెచ్చుకుంటాం. పిల్ల పేరు పోతే ఎట్ల సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

నాలుగో రోజు సంగతి తెలిసింది. బాకీ రెండుసార్లు పడిందనుకుని దుకాణంలోనే ఒకరు ఆ ఎంట్రీలు తీసేశారు. దొంగతనం లేదు, దురుద్దేశం లేదు. యజమాని మంచివాడు. ఇంటికి వచ్చి తప్పయిందని చెప్పి, మళ్ళీ పని చేయమన్నాడు. ఆ అమ్మాయి ఒక్కటే అడిగింది: "నా పేరుతో నాకు వేరే లాగిన్ ఇవ్వండి. అప్పుడు చేస్తాను." ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన నేను ఆ రోజు ఆమె దగ్గర పాఠం నేర్చుకున్నాను.

మన ప్రవక్త (స) గారిని మక్కావాసులు అల్ అమీన్ అని పిలిచేవారు. హిజ్రత్ రాత్రి కూడా, తన వద్ద దాచుకున్న వారి సొమ్ము వారికి అప్పజెప్పమని హజ్రత్ అలీ (ర) గారిని మక్కాలో ఉంచి వెళ్ళారు. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ బఖరా సూరాలో ఉంది. అది అప్పు రాసుకోవడం గురించి, సాక్షులను పెట్టుకోవడం గురించి చెప్పేది. రాసుకోవడం అపనమ్మకం కాదు. నిజాయితీపరుడికి అదే రక్ష. వేరువేరు లాగిన్లు కూడా అలాంటి సాక్షులే.

ఇందుకు పెద్ద ఖర్చు లేదు. విండోస్‌లోనైనా, ట్యాలీలోనైనా ఎవరి పేరుతో వారికి లాగిన్ పెట్టవచ్చు. ఎవరు ఏది చూడాలో, ఏది మార్చకూడదో కూడా నిర్ణయించవచ్చు. లెక్కల్లో ప్రతి మార్పూ నమోదయ్యే సాఫ్ట్‌వేరే వాడాలని 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలకు ప్రభుత్వం నిబంధన పెట్టింది. మన చిన్న దుకాణాలకు ఆ నిబంధన వర్తించకపోవచ్చు, మేలు మాత్రం వర్తిస్తుంది. పని మానేసిన గుమాస్తా దగ్గర దుకాణం తాళంచెవి ఆ రోజే తీసుకుంటాం. పాస్‌వర్డ్ మాత్రం ఆయనతోనే పోతోంది. ఆ లాగిన్ కూడా ఆ రోజే మూసేయాలి.

దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే యాప్‌లతో ఇంకో జాగ్రత్త ఉంది. ఎనీడెస్క్ లాంటి యాప్ పెట్టించి మోసగాళ్ళు ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. యాప్ చెడ్డది కాదు. కానీ అందులో కనిపించే నంబరు చెప్పి, అనుమతి నొక్కితే మన ఫోను అవతలివాడి చేతిలోకి పోయినట్టే. బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసి ఎవరు అడిగినా ఆ నంబరు చెప్పకండి. మోసపోతే సిగ్గుపడి దాచకండి, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అందుకని వారానికోసారి లెక్కలన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కును కంప్యూటర్ నుంచి విడదీసి బీరువాలో పెట్టండి.

ఇక దాతలకు నా మనవి. మీరు పాత కంప్యూటర్లు ఇస్తున్నారు, అల్లాహ్ మీకు ప్రతిఫలం ఇచ్చుగాక. ఒకసారి అలా వచ్చిన కంప్యూటర్ తెరిస్తే అందులో కూలీల ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్కుల ఫోటోలు ఉన్నాయి. అవి ఆ దాతవి కావు, ఆయనను నమ్మి ఇచ్చినవాళ్ళవి. కాబట్టి డిస్కు పూర్తిగా తుడిచి ఇవ్వండి. చేతకాకపోతే చెప్పండి, మా పిల్లలు మీ ఎదుటే తుడుస్తారు.

కంప్యూటర్ ఒక్కటే ఇస్తే పని నడవదు. కరెంటు పోతే ఇన్వర్టర్ కావాలి, నెలనెలా ఇంటర్నెట్ బిల్లు కట్టాలి, ఎవరి లాగిన్ ఎవరిదో చూసుకునే బాధ్యత గల మనిషి ఒకరుండాలి. ఒక దాత ఒక యంత్రం ఇస్తే, ఇంకొక దాత ఏడాది ఇంటర్నెట్ ఖర్చు భరించవచ్చు. సొసైటీ గదిలో అలాంటి నాలుగు కుర్చీలు ఉంటే, ఆదోని, ఎమ్మిగనూరు దుకాణాల లెక్కలు రాస్తూ నలుగురు ఆడపిల్లలు ఊళ్ళోనే గౌరవంగా సంపాదించుకుంటారు.

వ్యాపారం చేసే అన్నదమ్ములకు చివరి మాట. మా పిల్లలకు పని ఇవ్వండి. పనితో పాటు వాళ్ళ పేరుతో ఒక లాగిన్ కూడా ఇవ్వండి. మీ సొమ్ము మాకు అమానతు, వాళ్ళ పేరు మీకు అమానతు.

అల్లాహ్ మనందరి సేవను స్వీకరించుగాక. ఆమీన్. వస్సలాం.