రాగిరేకులో యాంటెన్నా

మధ్యతరంగములలో 750 కిలోహెర్ట్జ్‌పై ప్రసారము చేయు కేంద్రమునకు తరంగము పొడవు 400 మీటర్లు. అందులో నాలుగవ వంతు, అనగా 100 మీటర్ల ఎత్తుగల స్తంభము, దానికి తగిన ఏరియల్. బ్లూటూత్, వైఫై పరికరములు వాడు 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఆ నాలుగవ వంతు సుమారు 31 మిల్లీమీటర్లే. కనుక స్తంభముతో పనిలేక, సర్క్యూట్ బోర్డుమీది రాగిపొరలోనే యాంటెన్నాను తీర్చుచున్నాము. ఇచట ఆకారమే పరికరము.

ఆ ఆకారమును తరచుగ వేరొక సాఫ్ట్‌వేరులో గీసి, డి.ఎక్స్.ఎఫ్. ఫైలుగ భద్రపరచి, కీక్యాడ్ వంటి బోర్డు రచనా సాఫ్ట్‌వేరులోనికి తెచ్చుకొందుము. డి.ఎక్స్.ఎఫ్. 1982లో ఆటోక్యాడ్‌తోపాటు వచ్చినది. కీక్యాడ్ 1992లో ఫ్రాన్సులో ఆరంభమైనది. ఫైలు గీతలను మోసికొనివచ్చును గాని, అవి యాంటెన్నా అను సంగతిని మోసికొనిరాదు. ఆ సంగతి మనమే చెప్పవలెను.

మొదటిది కొలత. అంగుళములలో గీసినదానిని మిల్లీమీటర్లుగ చదివినచో ఆకారము 25.4 రెట్లు కుదించుకొనిపోవును. ఇది కంటికి కనబడు దోషము. కనబడనిది గీత మందము. తెచ్చిన హద్దుగీతలను మూసి, లోపల రాగి నింపి, ఒకే బహుభుజిగ చేయుదుము. హద్దుగీతకు 0.2 మిల్లీమీటర్ల మందము మిగిలియున్నచో రాగి ప్రతి వైపున 0.1 మిల్లీమీటరు పెరుగును. అందుచే ఆ మందమును సున్న చేయవలెను. స్థూలముగ లెక్కించినను, 31 మిల్లీమీటర్లలో ఒక్కటి హెచ్చుతగ్గైనచో అనునాదము 80 మెగాహెర్ట్జ్ వరకు జరుగును. పట్టీ మొత్తము వెడల్పే 83.5 మెగాహెర్ట్జ్! అట్లు తప్పిన యాంటెన్నా, పంపిన శక్తిలో కొంత వెనుకకు త్రిప్పికొట్టును. పరికరపు పరిధి తగ్గును. నింద మాత్రము నిర్దోషియైన చిప్పుమీద పడును.

రెండవది కలయిక. తలక్రిందులైన ఎఫ్ అక్షరమువంటి యాంటెన్నా మిక్కిలి వాడుకలోనిది. దాని ఒక కాలు సంకేతమునకు, మరియొక కాలు గ్రౌండునకు తగిలియుండును. సాఫ్ట్‌వేరు దీనిని షార్టు సర్క్యూట్ అని హెచ్చరించును. బ్యాటరీ విద్యుత్తు విషయమున ఆ మాట నిజమే. కాని 2.4 గిగాహెర్ట్జ్ వద్ద ఆ కొద్దిపాటి రాగియే తగిన అవరోధమై నిలుచును. హెచ్చరికలన్నిటిని ఆపివేయుట సుళువైన దారి. అపాయకరమైన దారియు అదియే. నిజమైన షార్టు కూడ ఆ మౌనములో దాగిపోవును. ఈ ఒక్క కలయికను మాత్రము ఉద్దేశించినదిగ తెలుపుటకు నెట్ టై అను ఏర్పాటు కలదు. దానినే వాడవలెను.

మూడవది పరిసరము. యాంటెన్నా క్రింద, అన్ని పొరలలోను, రాగిలేని చోటు విడువవలెను. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వంటి సంస్థలు ప్రచురించిన ఆకారములను గ్రహించునప్పుడు వారు చెప్పిన బోర్డు మందమును కూడ గ్రహింపవలెను. బోర్డు పదార్థము తరంగమును కుదించును. మందము మారినచో అనునాదమును మారును.

ఇన్ని జాగ్రత్తల పిమ్మటను తుది తీర్పు కొలమానముదే. పొడవు ఎక్కువైన రాగిని చాకుతో గీకి తగ్గించవచ్చును. తక్కువైనదానిని పెంచుట కష్టము. కావున మొదటి బోర్డులో కొన కొంచెము పొడవుగ విడిచి, కొలిచి, తగ్గించుట వివేకము.