చీమల లోయ

 

దివ్యఖుర్ఆన్‌లోని 27వ సూరా పేరు ‘అన్ నమ్ల్’, అంటే చీమలు. జిన్నులు, మానవులు, పక్షులతో కూడిన సైన్యంతో హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) చీమల లోయను సమీపించారు. అప్పుడొక చీమ, ఇళ్ళలో దూరండి, లేకుంటే సులైమాన్ సైన్యం తెలియకనే మిమ్మల్ని నలిపివేయగలదని తన జాతిని హెచ్చరించింది. ‘తెలియకనే’ అన్న మాట గమనించండి. ఆ చీమ ప్రవక్తను గానీ, ఆయన సైనికులను గానీ నిందించలేదు. ఆ పలుకులకు సులైమాన్ (అ) మందహాసం చేసి, కృతజ్ఞత చూపే భాగ్యాన్ని ప్రసాదించమని ప్రభువును వేడుకున్నారు.

ఇక్కడ చీమ పలుకుకు స్త్రీలింగ క్రియ వాడబడిందనీ, పనిచేసే చీమలన్నీ ఆడవేననీ కొందరు వక్తలు ముడిపెడతారు. పనిచేసే చీమలు ఆడవనుట నిజమే. అయితే ‘నమ్లహ్’ అనే అరబీ పదం వ్యాకరణరీత్యానే స్త్రీలింగం. ఆ క్రియ ఆధారంగా నేను అంత దూరం పోను.

ఇక నా సంగతి చెబుతాను. గత వేసవిలో మన మస్జిద్‌లో వుజూ చేసేచోట ఒక వృద్ధుని పాదానికి చీమ కుట్టింది. పక్కనే తుమ్మచెట్టు మొదట్లో గండుచీమల కలుగు కనబడింది. ఒక యువకుడు కిరోసిన్ తెచ్చాడు. నేను వారించలేదు. అగ్గిపుల్ల వెలిగింది.

ఇదంతా చూస్తున్న ఒక బడి పిల్లవాడు నా దగ్గరకు వచ్చి, “హజ్రత్, కుట్టింది ఇవి కాదు” అన్నాడు. పంపు కింది ఇటుకల సందున అతడు చూపినవి చిన్న ఎర్రచీమలు. వాటి నడుమున రెండు కణుపులుంటాయి, వెనుక కొండి ఉంటుంది. గండుచీమకు కణుపు ఒక్కటే. కొండి అసలే లేదు, దవడలతో కొరకగలదు. అవి తుమ్మకొమ్మలపై రసం పీల్చే చిన్నపురుగులు విడిచే తీపిద్రవం కోసం ఎక్కి దిగుతున్నాయని ఆ బాలుడు ఎన్నో సాయంత్రాలు కూర్చుని చూశాడట. ఎదురైన తోటిచీమను తరచూ మీసాలతో తాకి, వాసన పట్టి, తమదో కాదో అవి తేల్చుకుంటాయని కూడా చెప్పాడు. చెదపురుగులు కట్టిన మట్టిపుట్టను సైతం చీమలపుట్ట అనే మనకు ఇంతటి చూపు ఎక్కడిది?

ఆ రాత్రి నాకు ఒక హదీసు గుర్తుకొచ్చి నిద్రపట్టలేదు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. పూర్వం ఒక ప్రవక్త చెట్టు కింద విడిది చేయగా చీమ కుట్టింది. ఆయన ఆ చీమల నివాసాన్నే కాల్పించారు. అప్పుడు అల్లాహ్, కుట్టింది ఒక్క చీమే కదా అని మందలించాడు. తన పవిత్రతను కొనియాడే ఒక సముదాయాన్నే కాల్చివేశావన్నాడు. ఆ ప్రవక్త శిక్షించినది కనీసం కుట్టిన చీమ జాతినే. మేము శిక్షించినది వేరొక జాతిని. భూమిపై సంచరించే ప్రాణులన్నీ మీవంటి సముదాయాలేనని 6వ సూరాలో సెలవిచ్చిన ప్రభువుకు నేనేమని సమాధానమివ్వను?

ఒక ప్రయాణంలో సహచరులు చీమల నివాసాన్ని కాల్చగా దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చూసి, నిప్పుతో శిక్షించే హక్కు నిప్పు ప్రభువుకు మాత్రమే ఉందన్నారు. అబూదావూద్ గ్రంథంలోనిదే మరొక ఉల్లేఖనంలో చంపకూడని నాలుగు ప్రాణులలో చీమ కూడా ఉంది. హాని తప్పనప్పుడు తొలగించడానికి ధర్మవేత్తలు అనుమతించారు, నిజమే. అయితే హాని చేసినదేదో చూడవలసిన పని మనదే కదా!

మరునాడు పంపు కింది ఇటుకలు తీయించి, నీరు నిలువకుండా గచ్చు వేయించాము. ఎర్రచీమలు గోడ అవతలికి తరలిపోయాయి. తుమ్మచెట్టు మొదట్లో నేల ఇంకా నల్లగానే ఉంది. వానలు పడ్డాక ఆ బాలుడు నన్ను అక్కడికి పిలిచాడు. కాలిన మట్టికి జానెడు దూరంలో గండుచీమలు కొత్త కలుగు తవ్వి, రేణువు వెంట రేణువుగా మట్టిని బయటికి మోస్తున్నాయి.