క్రొత్త కాపురము – రెండూళ్ళ తెలుగు

(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ సభలో మాట్లాడవలెనని కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము కొంత జంకినాము. మేము చదివినది మెట్రిక్యులేషను వరకే. అదియును తమిళములో. ఉద్యోగము రైల్వేలో గుమాస్తాపని. టిక్కెట్ల కిటికీ వెనుక కూర్చుండి "ఏ ఊరు? ఎందరు? చిల్లర ఉన్నదా?" అను మూడు ప్రశ్నలతో పొద్దుపుచ్చువారము. పండితులు మాట్లాడవలసిన చోట మేమేమి మాట్లాడగలమంటిమి. "మీ క్రొత్త కాపురము సంగతులు చెప్పండి, చాలును" అని వారు అన్నారు. కనుక ఈ మాటలలో పాండిత్యము వెదకవద్దని ముందుగనే మనవి చేయుచున్నాము. 'మేము' అన్నచోట ఎక్కువగ దంపతులమిద్దరమని గ్రహింపవలెను. మా శ్రీమతి వేదిక యెక్కుటకు ఒప్పుకొనలేదు. కాని ఈ కాగితములను ముందుగ చదివి రెండు చోట్ల కొట్టివేసినది ఆమెయే.

ఈ సంఘములో రెండు విధముల తెలుగువారున్నారు. చదువులకు, ఉద్యోగములకు ఆంధ్ర, తెలంగాణముల నుండి ఈ మధ్య వచ్చినవారు కొందరు. ఎప్పుడు వచ్చితిమో మాకే తెలియని మావంటివారు కొందరు. విశ్వనాథనాయకుడు 1529లో మధుర పాలనకు వచ్చిన నాటినుండి, కొందరు అంతకు ముందునుండియు, సైన్యములతోను, నాగళ్ళతోను, మగ్గములతోను ఈ నేలకు వచ్చి నిలిచిపోయినారు. నల్లరేగడి ఎక్కడ కనబడిన అక్కడ మా పెద్దలు ప్రత్తి వేసినారు. మా తాతగారు ప్రత్తిచేను వదలి కోయంబత్తూరులో మిల్లుపనికి చేరినారు. మా నాయనయు మిల్లు కార్మికుడే. మేము పుట్టి పెరిగినది పీలమేడు. 1926లో పీ.యస్.జి. ధర్మసంస్థ వెలసిన చోటు అదియే. మా చిన్నతనమున జి.డి. నాయుడుగారి మోటారు కథలు వినని పిల్లవాడు మా వీధిలో లేడు. 1937లో ఆయన చేసిన విద్యుత్తు మోటారును మా అవ్వ తన కన్నులతో చూచినట్లే చెప్పెడిది. చూడలేదనుకొందుము.

మా శ్రీమతిది మధుర. వారి నాయనకు మీనాక్షి గుడికి కూతవేటు దూరములో పాత్రల దుకాణము ఉన్నది. మధుర నాయకరాజులలో విజయరంగ చొక్కనాథుడు స్వయముగ తెలుగులో వచనగ్రంథములు వ్రాసిన ప్రభువు. ఆయన ఏలిన ఆ సీమలో, మా మామగారి యింట, తెలుగు అక్షరము గుర్తుపట్టగలవారు ఒక్కరును లేకుండిరి. మా యింటను అంతే. మాట తెలుగు, వ్రాత తమిళము. మా అత్తగారు శనివారపు భజన పాటలు వ్రాసికొన్న పుస్తకము మొత్తము తెలుగు పాటలే, మొత్తము తమిళ లిపియే. ఆ లిపిలో క, ఖ, గ, ఘలకు కలిపి ఒక్కటే అక్షరము. కనుక ఆ పుస్తకము చూచి పాడవలెనన్న పాట ముందే వచ్చియుండవలెను.

మా వివాహము 2017 ఫిబ్రవరిలో మధురలో జరిగినది. అప్పటికి పోదనూరు, పొల్లాచ్చిల మధ్య మీటరుగేజి పట్టాలు తీసి పెద్దగేజి వేయు పని ముగియలేదు. ఈరోడు, కరూరు చుట్టి పోవు రైలు ఉన్నది గాని ఆ చుట్టు చాల పొడవు. రైల్వే గుమాస్తా పెండ్లివారు బస్సులో తిరిగివచ్చినారు. ఈ మాట మా బావమరదులు ఇప్పటికిని మరువలేదు. ఇప్పుడు పళని మీదుగ మధురకు తిన్నగా రైలు ఉన్నది. ఐనను వారు మరువరు.

కాపురము మొదలైన వారమునకే మాకు తెలిసినది, మా తెలుగులు రెండని. మేము 'తలుపు' అను మాటను ఎన్నడో పోగొట్టుకొని తమిళములో 'కదవు' అనుచుంటిమి. ఆమె 'తలుపు' అన్నది. ఆమె 'కరండి' అన్నదానిని మా అమ్మ 'గరిటె' అన్నది. వారింట నిచ్చెన పోయి 'ఏణి' వచ్చినది, మా యింట నిచ్చెన నిలిచినది. మేము 'కిటికీ' అందుము, వారు 'జన్నలు' అందురు. ఆ జన్నలు తమిళము కూడ కాదు, పోర్చుగీసు ఓడలలో వచ్చిన మాట. తాళమునకు వాడు 'సావి'యు అట్లే వచ్చినదట. ఒకరి యింట పోయిన మాట మరియొకరి యింట మిగిలియుండెను. ఇది మాకు మిక్కిలి తమాషాగ తోచినది. మేము అదివరకు పాత అట్ట టిక్కెట్లు కూర్చుచుండువారము. తేదీ గ్రుద్దుటకు యంత్రములో దూర్చెడి ఆ చిన్న గట్టి టిక్కెట్లు ఇప్పుడు కౌంటరులో కానరావు. ఆ టిక్కెట్ల డబ్బా ప్రక్కన ఒక నోటుపుస్తకము పెట్టి దొరికిన మాటలన్నియు వ్రాయసాగినాము. తమిళ లిపిలోనే లెండి. రాత్రి భోజనమైన పిమ్మట ఆ పుస్తకము తీయుటయే మాకు సినిమా.

వంటయింటిలో వేరొక చిక్కు కలదు. మా యింట శనివారము వేంకటేశ్వరస్వామికి, ఆనాడు మాంసము లేదు. వారింట మంగళ, శుక్రవారములు అమ్మవారికి, ఆ రెండు దినములును లేదు. అమావాస్య, కృత్తిక, ఏకాదశి కలిపి చూచిన మాకు మిగిలినది ఆదివారము. ఆ ఆదివారము మాకు డ్యూటీ.

ఇక ఉగాది. ఆ యేడు మార్చి 29న హేవిళంబి సంవత్సరము వచ్చినది. మావంటి యిండ్లకు సంవత్సరాది రెండు మారులు వచ్చును. చాంద్రమానమున ఉగాది, సౌరమానమున చిత్తిరై మొదటి తేదీ. పేరు ఒకటే హేవిళంబి, వేపపూత పచ్చడి మాత్రము రెండు మారులు. మేము క్రొత్త బట్టలు కట్టుకొని ఒక తెలుగు సభకు పోయినాము. అది ఈ సంఘము కాదు, అది మాత్రము చెప్పుదుము. భోజనముల వేళ మా శ్రీమతి తన ప్రక్కన నిలిచిన ఆంధ్రదేశపు స్త్రీ నొకరిని ఆదరముగ "కూడు తింటిరా అక్కా?" అని అడిగినది. ఆ స్త్రీ పకపక నవ్వి, "కూడేమిటమ్మా, పశువులకు పెట్టినట్లు! భోంచేశారా అనవలెను. మీది అరవ తెలుగు" అనిరి. చుట్టునున్నవారు నవ్వినారు.

మేమును నవ్వినాము. ఇక్కడ 'మేము' అన్నది ఒక్కరినే.

ఆనాటినుండి ఆమె మాతో తమిళమే మాట్లాడినది. కోపముగ కాదు, మామూలుగ. కాఫీ ఇచ్చునప్పుడు తమిళము, లెక్కలు చెప్పునప్పుడు తమిళము. నోటుపుస్తకము డబ్బా ప్రక్కననే ఉండెను, తీసినవారు లేరు. మా కార్యాలయములో గుంటూరు జిల్లా మిత్రులొకరున్నారు. వారిని అడుగగా, కూడు అనునది స్వచ్ఛమైన పాత తెలుగుమాట యనియు, వేమన పద్యములలో ఉన్నదనియు, కాలక్రమమున అక్కడ దానికి చులకన అర్థము వచ్చినదనియు చెప్పినారు. మేము పరుగున ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పినాము. ఆమె బియ్యము ఏరుచు, తల యెత్తకయే, "వేమన నవ్వలేదు గదా. మీరు నవ్వితిరి" అన్నది. అదియు తమిళములోనే.

మే నెలలో చిత్తిరై తిరునాళ్ళకు మధుర పోయినాము. మీనాక్షి కల్యాణపు వేళ ఊరిలోని ముత్తైదువలు తమ తాళికి క్రొత్త పసుపుత్రాడు మార్చుకొందురు. గుడిలో, వీధిలో, ఇంటి గడపలలో, ఎక్కడివారక్కడ. ఆమెకు అది పెండ్లియైన తరువాత మొదటి సారి. మా అత్తగారు ముడి వేయుచుండగా తల్లీకూతుళ్ళు గలగల తెలుగులో మాట్లాడుకొనుచుండిరి. కళ్ళళగరు వైగలో దిగు వేడుకను తిరుమలనాయకుని కాలమున ఈ కల్యాణముతో కలిపినారని మధురవారు చెప్పుదురు. ఆ కథ మాకు చెప్పునప్పుడు మాత్రము ఆమె తమిళమునకు మారినది. గుమ్మములో నిలిచి చూచుచున్న మాకు, ఆమె తెలుగు విడువలేదనియు, మా యెదుట మాత్రమే మూసికొన్నదనియు అప్పుడు తెలిసినది. మాకు కలుగబోవు బిడ్డకు ఏ భాష మిగులునని ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఆ పిమ్మట ఎడబాటు. ఆషాఢములో క్రొత్త దంపతులు కలిసియుండరాదని మా అత్తవారి మాట. ఆడినెలలో ఉండరాదని మా అమ్మ మాట. జూన్ చివర ఆషాఢము మొదలైనది. అది ముగియక మునుపే జూలై నడుమ ఆడి వచ్చినది. ఆగస్టు నడుమ వరకు, ఏబది దినములకు పైగా, ఆమె మధురలో, మేము పీలమేడులో. మీరు నవ్వవచ్చును, అప్పుడు మాకు నవ్వు రాలేదు. ఫోనులో అందరి యెదుట ఏమి మాట్లాడగలము? కనుక సందేశములు వ్రాసికొన్నాము. ఒకనాటి రాత్రి ఆమె తమిళ లిపిలో, నాలుగు నెలలకు మొదటి సారి, తెలుగుమాట వ్రాసినది: "కూడుకు ఏమి చేసిరి?" ఆ లిపిలో కూడు, గూడు ఒక్కటే. మేము అప్పుడు రైల్వే క్వార్టర్సుకు దరఖాస్తు పెట్టియుంటిమి. గూడు అనగా ఇల్లని తలచి, జాబితాలో మా పేరు ఎన్నవదో, సంతకము కావలసిన అధికారి ఎవరో, మరమ్మతులకు ఎన్ని నెలలు పట్టునో ఒక పుటకు సరిపడ వ్రాసి పంపినాము. కొంతసేపటికి జవాబు వచ్చినది: "అన్నము తింటిరా అని అడిగితిని." కూడు అను మాటను ఆమె మాకొరకు అన్నముగ దిద్దినది. అది చూచిన పిమ్మట మేము ఫోను చేసి, నాడు నవ్వినది తప్పని చెప్పినాము. ఆమె ఏమన్నదో ఆ భాగమే కొట్టివేసిన రెండు చోట్లలో ఒకటి.

ఆమె తిరిగివచ్చినంతనే అక్షరములు నేర్చుకొనవలెనని ఇద్దరమును అనుకొన్నాము. గుంటూరు మిత్రులు పెద్దబాలశిక్ష ఇచ్చినారు. పాత క్యాలెండరు కాగితముల వెనుక వ్రాసినాము. మాకు థ, ధల తేడా పట్టుటకు నెల పట్టినది. ఆమె వేరొక దారి పట్టినది. తెలుగు అక్షరములు గుండ్రన, ముగ్గువలె నుండును గదా. తెల్లవారి వాకిట ముగ్గు వేసి, దాని ప్రక్కన పిండితో ఆనాటి అక్షరము వేయసాగినది. ఎదురింటి తమిళ పెద్దమ్మ 'ఋ'ను చూచి, ఈ కోలమునకు ఎన్ని చుక్కలని అడిగినది.

పురట్టాసి శనివారములలో ఇంట పిండిదీపము పెట్టి గోవిందా యన్నాము. తిరుపతి మొక్కు కొరకు పసుపుగుడ్డలో రూపాయి ముడుపు కట్టినాము. ఆ నెల రద్దీ తగ్గిన పిమ్మట ప్రాతఃకాలపు తిరుపతి రైలు ఎక్కినాము. సేలము, జోలార్పేట, కాట్పాడి వరకు ఊరి పలకలపై తమిళము. కాట్పాడి దాటిన తరువాత ఆమె కిటికీ వదలలేదు. బండి నెమ్మదించినది. ఒక పలక వచ్చినది. "చి... త... చితూరు" అన్నది. మళ్ళీ చూచి, క్రింది వత్తు పట్టి, "చిత్తూరు!" అని పెట్టె యంత వినబడునట్లు అరచినది. ఎదుట కూర్చున్నవారు అక్కడ దిగవలెనేమోయని మా సంచులు అందించినారు. మా వంశములో, మాకు తెలిసినంతవరకు, ఊరి పేరు తెలుగులో చదివిన మొదటి మనిషి ఆమె. మేము రెండవవారము, ఎందుకనగా ఆమె మమ్ములను ముందు చదువనీయలేదు.

కొండపైన దర్శనమైన తరువాత తరిగొండ వెంగమాంబ పేరిటి అన్నప్రసాద భవనములో కూర్చున్నాము. మా శ్రీమతి ప్రక్కన రాయలసీమ పల్లెనుండి వచ్చిన ఒక ముసలి అవ్వ. వడ్డించువాడు రాగా ఆ అవ్వ మా శ్రీమతి ఆకు చూపి, "ఈ బిడ్డకు ఇంకాస్త కూడు ఎయ్యి నాయనా" అన్నది. ఆమె మావైపు చూచినది. మేము అన్నములో తల దూర్చినాము. ఆ పిమ్మట వారిద్దరును పంక్తి లేచువరకు మాట్లాడిన మాటలకు లెక్కలేదు. ఎవరి ఊరిలో వాన యెంత, కోడలు మంచిదా, మోకాళ్ళ నొప్పికి ఏమి పూసిన తగ్గును. రైలులో తిరిగివచ్చుచు నోటుపుస్తకము అడిగి తీసికొని, ఆ అవ్వ నోట విన్న మూడు మాటలు తెలుగు అక్షరములలో వ్రాసినది. అందులో ఒకటి తప్పు. మేము దిద్దలేదు.

ఇది జరిగి ఎనిమిదేండ్లు దాటినవి. క్వార్టర్సు వచ్చినది, పైకప్పు కారుచున్నది. కుమారుడు బడిలో తమిళము, ఇంగ్లీషు చదువుచున్నాడు. వానికి తెలుగు అక్షరములు సగము వచ్చినవి, మిగిలిన సగమునకు క్రికెట్టు అడ్డము. వాడు అవ్వకు తెలుగులో వ్రాసిన ఉత్తరమును మా అత్తగారు చదువలేక గోడకు అంటించినారు. నోటుపుస్తకము మూడవది నడుచుచున్నది. ఈ సభలో పాత తావుల తెలుగువారు చాల మంది ఉన్నారు. మీ యింట మిగిలిన మాట మా యింట లేకపోవచ్చును, ఒకటి రెండు చెప్పిపోయిన వ్రాసికొందుము.

భోజనములు సిద్ధమైనవని కార్యదర్శిగారు సైగ చేయుచున్నారు. మా శ్రీమతి రెండవ పంక్తి వడ్డనలో ఉన్నది. "కూడు తింటిరా?" అని అడిగిన యెడల అవుననో కాదనో చెప్పగోరుచున్నాము.