రచయిత్రి మధ్యాహ్నం

కథలు రాసుకునే ఇల్లాలి రోజు ఎలా గడుస్తుందో నాలుగు మాటలు చెప్పుకుందామండీ.

ఏలూరులో మా ఇంట నేను కలం పట్టేది మధ్యాహ్నం, వంటిల్లు సర్దుకున్నాకే. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు తలుపు కొడతారు. "ఖాళీగానే ఉన్నావుగా!" అంటారు. రాసుకునే మనిషి ఖాళీగా ఉన్నట్టే కాబోలు! పాత్ర నోట రాబోయిన మాట కాస్తా ఆగిపోతుంది. ఇక సాయంత్రం దాకా దొరకదు. పారితోషికమంటారా, కొన్ని పత్రికలు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ఇచ్చినా పాలవాడి బాకీకి చాలదు.

అలాంటప్పుడు నాకు రంగనాయకమ్మగారు గుర్తొస్తారు. మన తాడేపల్లిగూడెం దగ్గర బొమ్మిడిలో 1939లో పుట్టారు. చదువు హైస్కూలుతోనే ఆగింది. రాత మాత్రం ఆగలేదు. ఆవిడ నవల "బలిపీఠం" 1975లో సినిమాగా వచ్చింది. "జానకి విముక్తి" సీరియల్‌గా వస్తూ మధ్యలో ఆగిపోతే, పుస్తకంగా పూర్తిచేశారు. తన పుస్తకాలు తానే అచ్చువేయించుకుని తక్కువ ధరకు పాఠకులకు అందించారు. ఎంత ధైర్యమో చూడండి!

నాకూ ఒక కోరిక ఉంది. 2006లో కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు కదా, ఆనాడు లంక గ్రామాల ఇల్లాళ్ళు సంసారం ఎలా ఈదారో నవలగా రాయాలని. మూడు అధ్యాయాలయ్యాయి. నాలుగోదానికి లంకల్లోకి వెళ్ళి ఆ ఆడవాళ్ళతో మాట్లాడాలి. వెళ్ళటం ఎంతసేపు! ఆ పూట మా ఇంట్లో వంట ఎవరు చేస్తారో ముందు తేలాలి.