మొదటి తప్పు – ఎవరి లెక్కలో?

(కంచికచర్లలో జరిగిన మండల సమాఖ్య వార్షిక మహాసభలో జెండర్ కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



ఇందాక పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు విన్నారు. మేము చెప్పేదీ ఒక అప్పు గురించే. చిన్నది, వెయ్యి రూపాయలు.

కొన్నేళ్ల కిందట మా సంఘంలో ఒక చెల్లెలు పొదుపు డబ్బులోంచి వెయ్యి అడిగింది. పుస్తకంలో ‘ఇంటి ఖర్చు’ అని రాసుకున్నాం. అది మొగుడి జరిమానా కోసమని తర్వాత తెలిసింది. ఆమెను కొట్టినందుకు కోర్టు అతనికి వేసిన జరిమానా! అప్పటి ఐపీసీ 323 సెక్షన్‌లో మామూలు గాయానికి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి దాకా జరిమానా, లేదా రెండూ. నేరం ఒప్పుకున్నాడు, కూలి చేసుకుని బతికేవాడు, మొదటి తప్పు అని జరిమానాతో సరిపెట్టారు. దెబ్బలు తిన్నది ఆమె, వాయిదాలు కట్టిందీ ఆమే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇదే నేరానికి జరిమానా పదివేల దాకా పెంచారు. పెరిగినందుకు సంతోషించాలో, అదీ మన పొదుపులోంచే పోతుందని భయపడాలో మాకైతే తెలియడం లేదు.

ఇంతకీ మొదటి తప్పంటే ఏంటి? కోర్టు లెక్కలో, అంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడలేదని. ఇంట్లో అది ఎన్నో దెబ్బో ఆమెకే తెలుసు. జడ్జిగారి ముందుకు కాగితాలు వస్తాయి గానీ ఆమె వీపు రాదు కదా.

మొదటిసారి శిక్ష పడేవాళ్ల కోసం 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది. చిన్న నేరమైతే మందలించి పంపేయొచ్చు. లేదా మంచి నడవడికతో ఉంటానని బాండు రాయించుకుని, మూడేళ్లకు మించకుండా గడువు పెట్టి వదలొచ్చు. చాలామందికి ఇంతవరకే తెలుసు, “వాడు ఊరికే బయటికొచ్చాడు” అంటారు. కానీ అదే చట్టంలో ఇంకో మాట ఉంది. కనీసం ఏడాది పాటు ప్రొబేషన్ ఆఫీసరు కనిపెట్టుకుని ఉండేలా ఆర్డరు వేయొచ్చు, తాగకూడదని షరతు పెట్టొచ్చు, దెబ్బలు తిన్న మనిషికి నష్టపరిహారం ఇప్పించొచ్చు. షరతు తప్పితే పాత నేరానికే శిక్ష వేసే అధికారం కోర్టుకు ఉంటుంది. జరిమానా ఒక్కరోజులో కట్టేస్తే అయిపోతుంది. ఏడాది పాటు తాగకుండా, చెయ్యెత్తకుండా ఉండడం అలా అయిపోయేది కాదు.

“ఆయన జైలుకెళ్తే పిల్లల ఫీజులెవరు కడతారు, నన్ను కొట్టకుండా చేస్తే చాలు” అని మన దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది అంటారు. వాళ్లకి ఇలాంటి ఆర్డరే మేలని మా అభిప్రాయం. అందరికీ అని మాత్రం అనం. ఎముక విరిగినా, పన్ను ఊడినా చట్టంలో అది తీవ్ర గాయం, ఏడేళ్ల దాకా జైలు. అక్కడ కూడా మొదటి తప్పేగా, వదిలేయండి అని మనం వెళ్లి చెప్పడం మాకు సమ్మతం కాదు.

మా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. ఆ చెల్లెలి కేసుకి ముందు రెండుసార్లు మేమే కూర్చోబెట్టి రాజీ చేశాం. తెల్లారేసరికి సంతకాలు పెట్టించాం. 2003లో మన ఉమ్మడి రాష్ట్రంలో 498ఏ కేసులకి కోర్టు అనుమతితో రాజీకి వీలు కల్పించినప్పుడు కూడా, అడిగిన రోజు నుంచి కనీసం మూడు నెలలు ఆగాలని పెట్టారు. ఆడమనిషి మనసు మార్చుకోవడానికి చట్టం మూడు నెలలిస్తే మేము ఒక్క రాత్రి ఇచ్చాం. పైగా ఆ రెండుసార్లూ మినిట్స్‌లో రాసింది ‘కుటుంబ సమస్య చర్చించాం’ అని. కోర్టులో అది మొదటి తప్పు కావడంలో మా చేతిరాత కూడా ఉంది.

అందుకే ఈ ఏడాది నుంచి కమిటీ దగ్గర వేరే పుస్తకం పెడుతున్నాం. మినిట్స్ పుస్తకం అందరి చేతుల్లోకీ వెళ్తుంది, మొగుళ్లు కూడా చూస్తారు, కాబట్టి అందులో వద్దు. తారీఖు, ఎక్కడ దెబ్బ తగిలింది, ఎవరు చూశారు, ఇవి రాస్తాం. ఆసుపత్రి ఓపీ చీటీ జిరాక్సు జత చేస్తాం. 112కి గానీ 181కి గానీ ఫోను చేస్తే ఆ టైము రాస్తాం. ఆమె ఒప్పుకుంటేనే ఆ పుస్తకం బయటికి వస్తుంది.

కేసు నడిచేటప్పుడే గృహహింస చట్టం కింద రక్షణ ఆర్డరు కూడా అడగండి. అది మీరితే విడిగా ఏడాది దాకా జైలు, లేదా ఇరవై వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ ఉచితంగా లాయరును ఇస్తారు, 15100కి ఫోను చేయొచ్చు. శిక్ష వేసే రోజున మీకేం కావాలో, పరిహారమా, తాగుడు మానే షరతా, ప్రభుత్వ లాయరుగారికి ముందే కాగితం మీద రాసివ్వండి. రాయడం రాకపోతే మాలో ఒకరు మీతో పాటు నందిగామ బస్సెక్కుతారు. చార్జీలు సమాఖ్య ఖర్చుల్లోంచి ఇవ్వాలని తీర్మానం పెడుతున్నాం. ఒప్పుకునే వాళ్లు చేతులెత్తండి.